పట్టా మీద లిబరల్ ఆర్ట్స్, చదువులో ఐటీ: అమెరికా కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ లెక్కలు

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలను ఒకప్పుడు జూనియర్ కాలేజీలనే పిలిచేవారు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన జోలియెట్ జూనియర్ కాలేజీ ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. ఆ మాట వినగానే తెలుగువాళ్లకు ఇంటర్ గుర్తొస్తుంది. నిజానికి ఇది ఇంటర్‌ తర్వాతి చదువు. అక్కడి నాలుగేళ్ల బ్యాచిలర్స్‌లో మొదటి రెండేళ్లను ఊళ్లోనే, తక్కువ ఫీజుతో పూర్తిచేసే ఏర్పాటు. చివర వచ్చేది అసోసియేట్ డిగ్రీ.

ఆ డిగ్రీల్లో తెలుగు కుటుంబాలు సరిగ్గా అర్థం చేసుకోకుండానే చేరిపోయేది ఒకటుంది: ఐటీ ప్రధానాంశంగా లిబరల్ ఆర్ట్స్. పేరులోనే తికమక. లిబరల్ ఆర్ట్స్ అనగానే బొమ్మలు, నాట్యం అనుకునేవాళ్లున్నారు. మధ్యయుగాల ఐరోపా విశ్వవిద్యాలయాల్లో వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం అనే ఏడు విద్యలకు పెట్టిన పేరది. వాటిలో చివరి నాలుగూ లెక్కల కిందే జమ. సంగీతాన్ని సైతం నిష్పత్తుల శాస్త్రంగానే చెప్పేవారు. నేటి కాలేజీలో దానర్థం ఇంకా మామూలుది: ఇంగ్లిష్, గణితం, సైన్స్, సాంఘిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు అన్నీ కొంత కొంత చదివి, మిగిలిన చోటులో ఒక విషయం మీద దృష్టి పెట్టడం. ఇక్కడ ఆ విషయం ఐటీ.

ఈ పట్టాకు సొంత విలువ తక్కువ. దాని విలువను తేల్చేది తర్వాత చేరబోయే యూనివర్సిటీ. అందుకే కోర్సుల ఎంపిక మొదలుపెట్టాల్సింది కమ్యూనిటీ కాలేజీ కేటలాగ్‌తో (కోర్సులు, నిబంధనల జాబితా) కాదు, మూడో ఏడాది చేరదలచుకున్న యూనివర్సిటీ కేటలాగ్‌తో.

ఒకేలా కనిపించే మూడు పట్టాలు

అసోసియేట్ డిగ్రీల్లో ముఖ్యమైనవి మూడు. ఏ.ఏ. అంటే అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్. లిబరల్ ఆర్ట్స్ పట్టా ఎక్కువగా ఈ పేరుతోనే వస్తుంది. ఏ.ఎస్. అంటే అసోసియేట్ ఆఫ్ సైన్స్. గణితం, సైన్స్ పాళ్లు ఎక్కువ. మూడోది ఏ.ఏ.ఎస్., అంటే అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్. నేరుగా ఉద్యోగానికి తయారుచేసేది. నెట్‌వర్కింగ్, సైబర్ సెక్యూరిటీ, సిస్టమ్స్ అడ్మినిస్ట్రేషన్ లాంటివి ఎక్కువగా ఇందులోనే ఉంటాయి.

మన పాలిటెక్నిక్ డిప్లొమాకు దగ్గరగా ఉండేది ఏ.ఏ.ఎస్. అయితే పాలిటెక్నిక్ విద్యార్థికి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉన్నట్టు, ఏ.ఏ.ఎస్. చదివినవాళ్లకు అన్నిచోట్లా తలుపు తెరిచి ఉండదు. అందులోని టెక్నికల్ కోర్సులను చాలా యూనివర్సిటీలు తమ డిగ్రీలో లెక్కించుకోవు. లెక్కించుకునే ఒప్పందం ఫలానా కాలేజీకీ ఫలానా యూనివర్సిటీకీ మధ్య విడిగా ఉండాలి. న్యూజెర్సీలో 2007లో వచ్చిన చట్టం ఏ.ఏ., ఏ.ఎస్. పట్టాలను రాష్ట్రంలోని ప్రభుత్వ నాలుగేళ్ల కాలేజీల్లో మొదటి రెండేళ్లుగా గుర్తిస్తుంది, ఏ.ఏ.ఎస్.కు ఆ హామీ లేదు. పట్టా పేరులో ఒక్క అక్షరం తేడాకు ఏడాది చదువు పోయే అవకాశముంది.

కాబట్టి ఐటీలో వెంటనే ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు లిబరల్ ఆర్ట్స్ దారి సరిపడదు. బ్యాచిలర్స్ చేయాలని ఉండి, కంప్యూటర్ సైన్సా, ఇన్ఫర్మేషన్ సిస్టమ్సా, డేటా వైపా అన్నది ఇంకా తేలనివాళ్లకు సరిపడుతుంది. కంప్యూటర్ సైన్సేనని తేలినవాళ్లకు ఏ.ఎస్. మేలు.

అరవై క్రెడిట్లు ఎక్కడెక్కడ పడతాయి

సెమిస్టర్ పద్ధతిలో అసోసియేట్ డిగ్రీకి కనీసం 60 క్రెడిట్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోలా క్వార్టర్ పద్ధతి ఉన్నచోట అదే 90 అవుతుంది. 15 వారాల సెమిస్టర్‌లో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. మూడు క్రెడిట్ల కోర్సు వారానికి 9 గంటలు తింటుంది. ఐదు కోర్సులంటే 45 గంటలు. పక్కన పార్ట్‌టైమ్ ఉద్యోగం పెట్టుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

పూర్తికాల విద్యార్థి అనిపించుకోవడానికి 12 క్రెడిట్లు చాలు. అక్కడే లెక్క తప్పుతుంది. సెమిస్టర్‌కు 12 చొప్పున 60 పూర్తికావడానికి ఐదు సెమిస్టర్లు పడుతుంది. రెండేళ్లలో ముగించాలంటే 15 తీసుకోవాలి, లేదంటే వేసవి కోర్సులతో సర్దాలి.

విభజన కాలేజీని బట్టి మారినా ఇంచుమించు ఇలా ఉంటుంది: సగానికి పైగా జనరల్ ఎడ్యుకేషన్, 15 నుంచి 21 క్రెడిట్లు ఐటీ, మిగతావి ఎలెక్టివ్‌లు, అంటే మనకు నచ్చినవి ఎంచుకునే కోర్సులు. కాలిఫోర్నియాలో ఒక విషయంలో కనీసం 18 యూనిట్లు (అక్కడ క్రెడిట్లను ఇలా పిలుస్తారు) ఉండాలన్నది రాష్ట్ర నిబంధన. జనరల్ ఎడ్యుకేషన్‌లో ఇంగ్లిష్ కాంపొజిషన్ రెండు కోర్సులు, ఒక గణితం, ల్యాబ్‌తో కలిపి 4 క్రెడిట్ల సైన్స్, చరిత్ర, సైకాలజీ లేదా సోషియాలజీ, స్పీచ్, ఒకటి రెండు మానవీయ శాస్త్రాలు వస్తాయి. ఐటీ వైపు ప్రోగ్రామింగ్ ఒకటి రెండు, డేటాబేస్, నెట్‌వర్కింగ్, వెబ్, సెక్యూరిటీ పరిచయం ఉంటాయి. అంటే మొత్తం చదువులో ఐటీ వాటా ఐదు నుంచి ఏడు కోర్సులు. రెండేళ్లూ ఐటీయే చదువుతున్నామనే భ్రమ ఈ లెక్క చూస్తే తొలగిపోతుంది.

ఇంగ్లిష్ కాంపొజిషన్‌ను మొదటి సెమిస్టర్లోనే పెట్టుకోవడం మంచిది. చరిత్ర నుంచి సైకాలజీ దాకా ఏ కోర్సులోనైనా వ్యాసాలు రాయాలి, ఆధారాలు చూపే పద్ధతి తెలియాలి. మన స్కూళ్లలో చదివి వచ్చిన పిల్లలకు గణితంలో ఇబ్బంది రాకపోవచ్చు గానీ, ఇంకొకరి వాక్యాలు ఎత్తి రాస్తే అది కాపీ కింద నేరమని ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు పడే అలవాటు ఇక్కడ జీరో తెచ్చిపెడుతుంది.

అసలు చిక్కుముడి గణితం

లిబరల్ ఆర్ట్స్ పట్టాకు ఏదో ఒక కాలేజీ స్థాయి గణితం చాలు. కేటలాగ్‌లో ‘మ్యాథ్ ఫర్ లిబరల్ ఆర్ట్స్’ అనే కోర్సు కనిపిస్తుంది. తేలిక కాబట్టి, సలహా ఇచ్చేవాళ్లూ అదే చూపిస్తారు కాబట్టి విద్యార్థి అదే తీసుకుంటాడు. పట్టా వస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్‌కు వెళ్తే అక్కడ కాలిక్యులస్ రెండు, డిస్క్రీట్ మ్యాథ్ ఒకటి అడుగుతారు. ఈ కోర్సు వాటిలో దేనికీ మెట్టు కాదు. మళ్లీ కాలేజ్ ఆల్జీబ్రా నుంచి ఎక్కాల్సిందే.

మెట్లు ఇలా ఉంటాయి: కాలేజ్ ఆల్జీబ్రా, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్ 1, కాలిక్యులస్ 2. ఒకటి పాసైతేనే తర్వాతిది. మొదటి సెమిస్టర్‌లో కాలేజ్ ఆల్జీబ్రాతో మొదలుపెడితే నాలుగో సెమిస్టర్‌కు సరిగ్గా కాలిక్యులస్ 2. ఒక్కసారి తప్పినా, ఒక్క సెమిస్టర్ వదిలేసినా రెండేళ్ల లెక్క చెదిరిపోతుంది. ఇంటర్ ఎంపీసీ చదివి వచ్చినవాళ్లకు కాలిక్యులస్ కొత్త కాదు. అయినా కాలేజీకి ఆ సంగతి తనంతట తెలియదు. ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్షకు సిద్ధం కాకుండా కూర్చుంటే కింది మెట్టు మీద పడేస్తారు. చాలాచోట్ల ఈ పరీక్ష అక్యూప్లేసర్. కొన్ని కాలేజీలు హైస్కూలు మార్కులు చూసి పరీక్ష మినహాయిస్తాయి. వారం రోజులు త్రికోణమితి, ఫంక్షన్లు తిరగేసి రాస్తే ఒక సెమిస్టర్ మిగిలే అవకాశముంది.

ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ లేదా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ బ్యాచిలర్స్‌కు వెళ్లేవాళ్ల సంగతి వేరు. చాలా యూనివర్సిటీల్లో స్టాటిస్టిక్స్, ఒకోసారి బిజినెస్ కాలిక్యులస్ సరిపోతాయి. ఏ దారో తేలనివాళ్లు బరువైన గణితమే ఎంచుకోవడం తెలివి. కాలిక్యులస్ చదివినవాడు ఐటీకి వెళ్లగలడు. లిబరల్ ఆర్ట్స్ గణితం చదివినవాడు కంప్యూటర్ సైన్స్‌కు నేరుగా వెళ్లలేడు.

ప్రోగ్రామింగ్‌దీ ఇలాంటి గొలుసే: మొదటి కోర్సు, రెండో కోర్సు, డేటా స్ట్రక్చర్స్. చిన్న కాలేజీల్లో మూడోది ఏడాదికి ఒక్కసారే పెడతారు. పేర్లు చాలినన్ని రాకపోతే సెక్షన్ రద్దు చేస్తారు. ఇంకో ఇబ్బంది భాషతో. కమ్యూనిటీ కాలేజీలో పైథాన్ నేర్పి, యూనివర్సిటీ రెండో ఏడాది కోర్సులు జావాలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో నడిస్తే, క్రెడిట్లు ఇచ్చినా మెట్టు మాత్రం ఇవ్వకపోవచ్చు. అలాంటప్పుడు పనికొచ్చే కాగితం ఆ సెమిస్టర్ సిలబస్. ప్రతి కోర్సు సిలబస్‌నూ పీడీఎఫ్‌గా దాచుకోవాలి. మూడేళ్ల తర్వాత కాలేజీ వెబ్‌సైట్‌లో అది దొరకదు.

బదిలీ అయింది, కానీ ఎక్కడికి?

‘మా క్రెడిట్లు అరవైకి అరవై తీసుకున్నారు’ అన్న మాట విని మోసపోకూడదు. తీసుకోవడం వేరు, డిగ్రీలో ఆ విషయం కిందే జమచేయడం వేరు. డేటాబేస్ కోర్సును యూనివర్సిటీ తన డేటాబేస్ కోర్సుకు సమానమని గుర్తిస్తే అది మేజర్‌లో, అంటే డిగ్రీ ప్రధాన విషయంలో పడుతుంది; గుర్తించకపోతే ఎలెక్టివ్ అనే పెద్ద సంచిలో పడుతుంది. 120 క్రెడిట్ల డిగ్రీలో ఎలెక్టివ్‌ల చోటు కొంతే. అది నిండాక మిగిలిన క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద అంకెలుగా ఉంటాయంతే.

దీన్ని ముందే చూసుకునే సాధనాలు రాష్ట్రాన్ని బట్టి ఉన్నాయి. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో కాలేజీ, యూనివర్సిటీ, మేజర్ ఎంచుకుంటే ఏ కోర్సుకు ఏది సమానమో పట్టిక వస్తుంది. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు కమ్యూనిటీ కాలేజీ నుంచి 70 సెమిస్టర్ యూనిట్ల వరకే క్రెడిట్ ఇస్తాయి. 2010 చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ, మామూలు లిబరల్ ఆర్ట్స్ పట్టా ఒకటి కావు. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు హామీ ఉన్నది మొదటిదానికే. టెక్సస్‌లో 42 క్రెడిట్ల కోర్ (అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్) పూర్తిచేస్తే దాన్ని ప్రభుత్వ యూనివర్సిటీలు మొత్తంగా తీసుకోవాలి. కోర్సు నంబర్లు కూడా రాష్ట్రమంతా ఉమ్మడిగా ఉండడం వల్ల పోల్చుకోవడం సులువు. ఇల్లినాయ్‌కీ సొంత ఒప్పంద వ్యవస్థ ఉంది. వర్జీనియాలో నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ, జార్జ్ మేసన్ యూనివర్సిటీ కలిసి నడిపే అడ్వాన్స్ కార్యక్రమంలో రెండుచోట్లా ఏం చదవాలో మొదటి రోజే చేతికిస్తారు. ఇవన్నీ ఎక్కువగా రాష్ట్రం లోపలి ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు యూనివర్సిటీకో, పక్క రాష్ట్రానికో వెళ్లే ఆలోచన ఉంటే ఆ సంస్థతో మెయిల్‌లో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఫోన్లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

బదిలీలో సాధారణంగా సి గ్రేడు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కోర్సులనే తీసుకుంటారు. డి వచ్చినా కాలేజీలో పాసే. యూనివర్సిటీకి మాత్రం ఆ కోర్సు లేనట్టే.

ఫీజు, సాయం

కాలిఫోర్నియాలో స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు. ఆ రాష్ట్రంలో స్థానికులు కానివారికి ఇది ఎన్నో రెట్లు. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలను స్థానికులుగా లెక్కించాలా లేదా అన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చూస్తుంది. ఇంటి అద్దె ఒప్పందం, పన్ను రిటర్నులు, తల్లిదండ్రుల వీసా కాగితాలు అడుగుతారు. తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని ఫెడరల్ పెల్ గ్రాంట్ పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి వస్తుంది. హెచ్-4కూ, విద్యార్థి వీసా ఎఫ్-1కూ రాదు. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో స్థానికుల ఫీజు అంతకంటే తక్కువే.

ఫెడరల్ సాయం తీసుకునేవాళ్లకు ఒక లెక్క తెలియాలి. ప్రయత్నించిన క్రెడిట్లలో ఇంచుమించు 67 శాతం పాసవాలి, జీపీఏ 2.0 నిలబెట్టుకోవాలి, డిగ్రీకి కావలసినదానికి ఒకటిన్నర రెట్లలోపు ముగించాలి. 60కి 90. మధ్యలో మానేసి డబ్ల్యూ తెచ్చుకున్న కోర్సు జీపీఏను తగ్గించదు గానీ ఈ ప్రయత్నాల ఖాతాలో పడుతుంది. మేజర్ రెండుసార్లు మార్చినవాళ్లకు 90 అనేది అనుకున్నంత దూరంలో ఉండదు.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు తీసుకునే వీలు మరో పెద్ద ఆదా. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ కింద 11, 12 తరగతుల పిల్లలు ట్యూషన్ లేకుండా కమ్యూనిటీ కాలేజీలో చదివి, హైస్కూలు ముగిసేసరికి అసోసియేట్ పట్టా కూడా అందుకోగలరు. పదహారేళ్ల వయసులో తెచ్చుకున్న సి గ్రేడు మాత్రం కాలేజీ రికార్డులో శాశ్వతం.

వీసా వైపు నుంచి

ఇండియా నుంచి ఎఫ్-1 మీద నేరుగా కమ్యూనిటీ కాలేజీకి వెళ్లేవాళ్లు తక్కువే. వెళ్లేవాళ్లు ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద ఉండే ప్రోగ్రామ్ కోడ్‌ను చదవాలి. లిబరల్ ఆర్ట్స్ కోడ్ 24తో మొదలవుతుంది, కంప్యూటర్, ఐటీ కోడ్‌లు 11తో. పట్టాలో ఐటీ కోర్సులు ఎన్ని ఉన్నా, కోడ్ 24 అయితే కాగితం మీద అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కాదు. అసోసియేట్ పూర్తిచేసినవారికి 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి వస్తుంది. ఆపైన 24 నెలల స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్, ఆ పై డిగ్రీలకే. కోడ్ 11 ఉన్నా అసోసియేట్‌కు రాదు. హెచ్-1బికి కూడా కనీసం బ్యాచిలర్స్ స్థాయి కావాలి. అసోసియేట్ తర్వాత వాడుకున్న ఓపీటీ, పై స్థాయి డిగ్రీ తర్వాత వచ్చే కొత్త ఓపీటీకి అడ్డు కాదు.

ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తప్పనిసరిగా తీసుకోవాలి. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే వస్తుంది. కమ్యూనిటీ కాలేజీల్లో ఐటీ కోర్సులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే ఉంటాయి కాబట్టి ఇది తరచూ తగులుకునే చిక్కు. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే క్లాస్‌రూమ్ సెక్షన్లు పట్టుకోవాలి. కష్టంగా ఉందని మధ్యలో ఒక కోర్సు వదిలేస్తే 11కో 9కో పడిపోతారు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి లేకుండా ఆ పని చేస్తే వీసా హోదాకే ముప్పు.

హెచ్-4 పిల్లలకు గడియారం వేరు. 21 నిండగానే ఆ హోదా పోతుంది. పద్దెనిమిదికి చేరిన పిల్లలకు అసోసియేట్ పూర్తయి యూనివర్సిటీలో అడుగుపెట్టే సమయం, ఎఫ్-1కు మారాల్సిన సమయం పక్కపక్కనే వస్తాయి. ఎఫ్-1కు మారితే కొన్నిచోట్ల స్థానిక ఫీజు కూడా పోతుంది. మూడు, నాలుగో ఏడాది బడ్జెట్‌ను ఈ లెక్కతో వేయాలి.

ఇప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లు

బీకామో, బీఎస్సీయో ముగించి పెళ్లయ్యాక అమెరికా వెళ్లిన మహిళలు ఐటీలోకి మారడానికి కమ్యూనిటీ కాలేజీ వైపు చూడడం మామూలే. వాళ్లకు ఈ లిబరల్ ఆర్ట్స్ పట్టా దాదాపు దండగ. జనరల్ ఎడ్యుకేషన్‌లో చాలా భాగం మళ్లీ చదవడమే అవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నా పెల్ గ్రాంట్ రాదు, ఎందుకంటే విదేశీ బ్యాచిలర్స్ ఉన్నా బ్యాచిలర్స్ ఉన్నట్టే లెక్క. అలాంటివారికి ఒక ఏడాదిలో ముగిసే ఐటీ సర్టిఫికెట్, లేదా ముందు కావలసిన నాలుగైదు కోర్సులు ఇక్కడ పూర్తిచేసి నేరుగా మాస్టర్స్ మేలు.

ఎలాగైనా పాత చదువుకు క్రెడిట్ అడగాలనుకుంటే విదేశీ చదువులను అమెరికా లెక్కలోకి మార్చి చెప్పే వెస్ లాంటి సంస్థ మూల్యాంకనం కావాలి. డిగ్రీకి సమానమని చెప్పే క్లుప్త నివేదిక కాదు, కోర్సువారీ నివేదిక తీసుకోవాలి. లేకపోతే క్రెడిట్లు ఇవ్వడం కాలేజీకి కుదరదు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించడానికి నెలలు పట్టొచ్చు, కాబట్టి ఇండియా వెళ్లినప్పుడే ఆ పని పెట్టుకోవడం మంచిది. మరో చిల్లర సమస్య పేరుతో: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరుతో మరోలా ఉంటుంది. మూడు పేర్లూ ఒకరివేనని చూపే పెళ్లి సర్టిఫికెట్, అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోవాలి.

ఉద్యోగం మాట

అసోసియేట్ తర్వాత దొరికే అవకాశమున్నవి హెల్ప్‌డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్ లాంటి కొలువులు. వాటికి ఇంటర్వ్యూల్లో పట్టాకన్నా కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ లాంటి సర్టిఫికేషన్ గురించే ఎక్కువ అడుగుతారు. ఏ ప్లస్‌కు రెండు పరీక్షలు, ఒక్కోటి 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 900 స్కేలు మీద మొదటిదానికి 675, రెండోదానికి 700 రావాలి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు. చాలా కాలేజీల్లో నెట్‌వర్కింగ్ కోర్సులు సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలతోనే నడుస్తాయి. కోర్సు ముగిసిన నెలలోపే పరీక్ష రాస్తే చదివింది మరిచిపోకముందే పని అవుతుంది. కొన్ని కాలేజీలు సర్టిఫికేషన్ ఉన్నవాళ్లకు ఆ కోర్సు క్రెడిట్లు ఇస్తాయి. ఆ క్రెడిట్లను యూనివర్సిటీ మళ్లీ తీసుకోకపోవచ్చు, కాబట్టి బదిలీ అయ్యేవాళ్లు కోర్సు చదివి గ్రేడు తెచ్చుకోవడమే నయం.

రెజ్యూమెలో ‘లిబరల్ ఆర్ట్స్’ అని మాత్రమే రాస్తే రిక్రూటర్ అక్కడే ఆగిపోతాడు. పట్టా పేరు మార్చకూడదు గానీ, దాని కిందే చదివిన ఐటీ కోర్సులను, చేసిన రెండు మూడు ప్రాజెక్టులను వరుసగా చూపాలి.

ఆఖరి సెమిస్టర్‌లో పట్టా దానంతటదే రాదు. చాలా కాలేజీల్లో గ్రాడ్యుయేషన్ దరఖాస్తు విడిగా పెట్టాలి, దానికి గడువు సెమిస్టర్ మొదట్లోనే ముగుస్తుంది. దరఖాస్తు పెట్టే ముందు డిగ్రీ ఆడిట్ (ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే నివేదిక) తెరిచి, మనకు వర్తించే కేటలాగ్ ఏడాది ఏదో చూసుకోవాలి. మధ్యలో ఒక ఏడాది చదువు ఆపినవారికి కొత్త కేటలాగ్ నిబంధనలు అంటుకుంటాయి. గ్రేడ్లు వచ్చాక పట్టా ప్రదానం చేసిన తేదీ ట్రాన్‌స్క్రిప్ట్ మీద పడిందని చూసి, ఆ కాపీనే యూనివర్సిటీకి పంపించాలి. న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో పట్టా పూర్తయితేనే ఆ హామీ వర్తిస్తుంది; 57 క్రెడిట్లతో తొందరపడి వెళ్లిపోతే అక్కడ ఒక్కో కోర్సునూ విడిగా బేరమాడుకోవాల్సి వస్తుంది. ఎఫ్-1 విద్యార్థులైతే ప్రోగ్రామ్ ముగిసిన 60 రోజుల్లోపు ఓపీటీకి దరఖాస్తు చేయాలి, లేదా సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డును కొత్త యూనివర్సిటీకి బదిలీ చేయించుకోవాలి.